ముసోండా ఎర్రపూసలు

గనుల ఊరు లువాన్ష్యాలో పెళ్ళి కుదిరిన ఇంటినుంచి మొదటి కబురు ముసోండాకే వచ్చేది. కాపురం ఎలా చెయ్యాలో పెళ్ళికూతుళ్ళకు నేర్పే నాచింబూసా ఆవిడ. తలుపులు వేయించి, డోలు కొట్టించి, ఏదీ దాచకుండా చెప్పేది. తల దించుకునే పిల్లని చూస్తే ఆవిడకు ఒళ్ళు మండేది. "సిగ్గుపడ్డానికైతే నా దగ్గరికెందుకొచ్చావే?" అనేది.

మొదటి పాఠం పూసలది. మంచం తలాపున తెల్లపూసల దండ ఉంటే భర్తను రమ్మని. ఎర్రపూసలుంటే నెలసరి, దూరంగా ఉండమని. భార్య నోరు విప్పక్కర్లేదు, భర్త అడగకూడదు. అడిగేవాడు మగాడే కాదనేది ముసోండా.

అలాంటి ముసోండాకు యాభై దాటాక నెలసరి ఆగిపోయింది. పీడా వదిలిందనుకుని ఎర్రపూసల్ని పెట్టె అడుగున పడేసింది. కొన్నేళ్ళకు కోరిక కూడా చెప్పాపెట్టకుండా పోయింది. భర్త చిపాషా దగ్గరికి వస్తే మంట, నొప్పి. గనిలో పనిచేసి రిటైరైన చిపాషా మంచివాడు, అందుకే ఆవిడకు మరీ బాధ. ఊరందరికీ కాపురం నేర్పిన మనిషి, తనకే చేతకావడం లేదని ఎవరితో చెప్పుకుంటుంది? ఇలాగే ఉంటే ఆయన మనసు విరిగి ఇంకో గుమ్మం తొక్కుతాడేమోనని హడలిపోయింది. చివరికి ఏమీ పాలుపోక ఆ ఎర్రపూసలే తీసి తలాపున తగిలించింది.

చూశారా తెలివి! నెలసరి ఎప్పుడో ఆగిపోయిందని ఆయనకు తెలియదా? తెలుసు. కానీ అడగడు, అదే ఆవిడ ధైర్యం.

చిపాషా అడగలేదు. కానీ తిండి మానేశాడు. మొక్కజొన్నపిండి న్షీమా ముద్ద చేతిలోనే చల్లారిపోయేది. విసిగిపోయాడు, ఇక అయిపోయింది అనుకుంది ముసోండా. అయినా పూసలు దించలేదు. ఒకరోజు పొద్దున్నే ఆయన కోటు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"లోంబే వాళ్ళమ్మా, చెప్పులేసుకో. క్లినిక్కి పోదాం."

"ఎవరికేమైంది?"

"పద, చెప్తా." లోంబే అంటే వాళ్ళ పెద్దమ్మాయి. కోపం వచ్చినా, ప్రేమ వచ్చినా ఆయన పిలిచేది ఆ పిలుపే. ఆ పొద్దున ఏది వచ్చిందో ఆవిడకు తెలియలేదు.

క్లినిక్‌లో నర్సు చోలా. ముసోండా దగ్గర పాఠాలు నేర్చుకుని పెళ్ళాడిన పిల్లే. చిపాషా గోడకేసి చూస్తూ చెప్పాడు. "నెలసరి ఆగినాక మళ్ళీ రక్తం కనబడితే ఆలస్యం చెయ్యొద్దని రేడియోలో చెప్పారమ్మా. మా ఇంట్లో వారాల తరబడి ఎర్రపూసలే. అడగడానికి లేదు. ఈవిడకి కేన్సరేమోనని..."

ముసోండాకు తల కొట్టేసినట్టయింది. "రక్తమూ లేదు, గిక్తమూ లేదు," అంది నేల చూపులు చూస్తూ.

చోలా ఆయన్ని బయట కూర్చోబెట్టి తలుపు వేసింది. "సిగ్గుపడ్డానికైతే నా దగ్గరికెందుకొచ్చావు పెద్దమ్మా?" అంది.

ముసోండా నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది, ఆ తర్వాత అంతా చెప్పింది.

"ఇది ప్రేమ తగ్గి కాదు," అంది చోలా. "నెలసరి ఆగాక ఒంట్లో ఈస్ట్రోజెన్ పడిపోతుంది. లోపల చర్మం పల్చబడి ఎండిపోతుంది, అందుకే మంట. నొప్పి పెట్టేదాన్ని ఒళ్ళెందుకు కోరుకుంటుంది? టెస్టోస్టిరాన్ అని ఇంకోటుంది, అది మగాళ్ళ సొత్తేం కాదు, మనకీ కాస్త ఉంటుంది. వయసుతో అదీ మెల్లగా తగ్గుతుంది."

"అయితే కొట్టు కట్టేసినట్టేనా?"

"ఎవరన్నారు? డాక్టరుగారు చూసి, సరే అంటే లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము ఇస్తారు. కొన్ని వారాలకి మంట తగ్గుతుంది. కోరికంటావా, అది ఒక్క హార్మోన్ల చేతిలోనే లేదు. నిద్ర, దిగులు, నువ్వేసుకునే బీపీ మాత్రలు, అన్నీ చూడాలి. ముందు బయటున్న ఆయనతో మాట్లాడు."

"మాట్లాడొద్దనే కదే నేను నేర్పింది."

"ఆ ఒక్క పాఠం మార్చు పెద్దమ్మా."

ఇంటికి వెళ్ళే దారిలో చిపాషా అన్నాడు, "నువ్వు పోతావనుకున్నా."

"నువ్వే పోతావనుకున్నా, ఇంకోదాని దగ్గరికి."

ఆయన నడిరోడ్డు మీద ఆగిపోయాడు. "ఈ మోకాళ్ళతోనా?" అన్నాడు. ఇద్దరూ అక్కడే పడీపడీ నవ్వారు.

ఆ సాయంత్రం ముసోండా రెండు దండలూ తెంపి, తెలుపూ ఎరుపూ కలిపి ఒకటే దండ గుచ్చి తలాపున తగిలించింది. చిపాషా దాన్ని ఎగాదిగా చూసి, పెళ్ళయినాక మొట్టమొదటిసారి నోరు తెరిచి అడిగాడు.

"ఇదేం చెబుతోంది?"

"వచ్చి కూర్చో, ఏదైనా అడుగు అంటోంది."

ఆయన బూట్లు విప్పి, మంచం అంచున కూర్చుని, ఆవిడ చెయ్యి అందుకున్నాడు.

"ఇన్నాళ్ళూ బాగా నొప్పి పెట్టిందా?" అని అడిగాడు.