బూటు మీద వంజరం

సెకండ్ వేవ్‌లో నెల్లూరులో కరోనా ఐసీయూ నర్సుగా పనిచేశానని చెబితే ఎదుటివాళ్లు జాలిగా నా చెయ్యి పట్టుకుంటారు. నాకేమో నవ్వొస్తుంది. ఏం చేయను, ఆ రోజుల్లోంచి ముందుగా గుర్తొచ్చేది నవ్వే. ఆరు గంటలు పీపీఈ కిట్టులో, నీళ్లు తాగకుండా, బాత్రూముకు పోకుండా, చెమటలో నానుతూ ఉంటే మనిషికి ఒక రకం మత్తు ఎక్కుతుంది. ఒకసారి కళ్లద్దాలకు ఆవిరి పట్టి, సెలైన్ స్టాండును చూసి ఎవరో డాక్టరు అనుకుని “పక్కకు జరగండి సార్” అన్నాను. జరగలేదని కోప్పడ్డాను కూడా. నా కోపం గురించి మా ఊళ్లో అడిగితే పొద్దుపోయేదాకా చెబుతారు.

నాలుగో బెడ్డులో సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు. యాభై ఏళ్లుంటాయి. పుట్టినప్పటినుంచీ వేటే, అంటే చేపల వేట. ముక్కులోకి జోరుగా ఆక్సిజన్ కొట్టే మిషను పెట్టినా, వేలి క్లిప్పు చూపించే అంకె ఎనభై నాలుగు దగ్గరే కూర్చుంది. ఆ పొద్దున రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరుగారు మానిటర్ చూసి, నన్ను పక్కకు పిలిచారు.

“బోర్లా పడుకోబెట్టండి. ఊపిరితిత్తులు వెనకవైపు కాస్త తెరుచుకుంటాయి. సాయంత్రం ఐదుకు మళ్లీ వస్తాను. అప్పటికి తొంభై దాటకపోతే గొంతులో ట్యూబ్ వేసి వెంటిలేటర్ మీద పెట్టడమే.”

ట్యూబ్ పడ్డాక మళ్లీ లేచి మాతో మాట్లాడినవాళ్లు ఎంత తక్కువో ఆ గదిలో పనిచేసే మా అందరికీ తెలుసు. అందుకని ఉత్సాహంగా వెళ్లి, “అన్నా, బోర్లా తిరుగు” అన్నాను.

“తిరగను,” అన్నాడు.

ఎందుకని అడిగితే చెప్పడు. నేనూ వార్డుబాయ్ కలిసి తిప్పబోతే బెడ్డు కమ్మీ పట్టుకున్నాడు. ఊపిరి లేదు గానీ అవి వల లాగిన చేతులు, ఊడిరావు. నాకు ఒళ్లు మండింది. “ప్రాణం మీదికొస్తే మొండితనం ఏందన్నా” అని గట్టిగానే అరిచాను. అప్పుడు చెప్పాడు, రెండు మాటలకొకసారి ఆగి.

“మా పల్లెలో మనిషి బోర్లా పడుండేది ఒక్కసారే సిస్టరమ్మా. సముద్రం ఒడ్డుకేసినప్పుడు. మా నాయన అట్నే వచ్చినాడు.”

మాది వరి పండించే ఇల్లు. మా ఇళ్లల్లో పసిబిడ్డ తొలిసారి బోర్లా పడితే బొబ్బట్లు చేసి వీధంతా పంచుతారు. వాళ్లింట్లో మాత్రం గబుక్కున వెల్లకిలా తిప్పేస్తారట. పెద్దవాళ్లు నిద్రలో బోర్లా తిరిగినా తట్టి లేపుతారట. యాభై ఏళ్లు అలా పెరిగిన మనిషిని నేను ఐదు నిమిషాల్లో తిప్పేద్దామనుకున్నాను.

“బోర్లా పడితే బొబ్బట్లు పెడతానన్నా” అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆయన భార్యను లోపలికి రానివ్వరు. వచ్చిన రోజునుంచీ ఆస్పత్రి గేటు ఎదుట, మూసేసిన జిరాక్సు షాపు మెట్ల మీదే కూర్చుని ఉండేది. ఆమెకు ఫోను చేసి, సంగతి చెప్పి, స్పీకరు పెట్టి ఆయన చెవి దగ్గర ఉంచాను.

“ఏందయ్యా, పండుకోనంటా ఉండావంట,” అంది ఆమె. “చేపల గుంపు యాడుందో చూసేదానికి పడవ మొన మీద బోర్లా పడి గంటలు గంటలు నీళ్లలోకి చూస్తావే. అప్పుడు సచ్చినోడివా నువ్వు? అట్నే పండుకో. నేనీడనే ఉండా.”

ఫోను పెట్టేసింది.

“ఆడ నీళ్లుంటాయి. చేపలుంటాయి,” అన్నాడు. “ఈడేముంది?”

“ఈడా ఉంటాయిలే, తిరుగు,” అన్నాను. నా నోరు అంతే, ముందు మాట జారుతుంది, తర్వాత బుర్ర పరిగెత్తుతుంది.

తిరిగాడు. చెంప దిండుకు ఆనించి, మంచం అంచుకు ముఖం పెట్టి పడుకున్నాడు. ఆయనకు కనిపించేది నేల, మా కాళ్లు. అంతే. కిట్టుల్లో అందరం ఒకేలా ఉంటాం కాబట్టి గుండెల మీద పేర్లు రాసుకోడానికి మార్కర్ పెన్ను ఉండేది. కాలు స్టూలు మీద పెట్టి, బూటు మీది తెల్ల తొడుగు మీద ఒక చేప గీశాను. ఆయన కళ్ల ముందు ఆ కాలు పెట్టాను. మాట్లాడితే ఊపిరి తగ్గిపోతుందని ముందే ఒప్పందం చేసుకున్నాం: చేప బాగుంటే బొటనవేలు చూపించాలి, బాగాలేకపోతే చెయ్యి ఊపాలి, నీళ్లలో వదిలేస్తాం.

“ఇది వంజరం,” అని చెప్పాను.

చెయ్యి కిందికి వేలాడింది. అటూ ఇటూ ఊగింది. అంతటితో ఆగలేక ఒప్పందం కూడా తప్పాడు.

“వంకాయ,” అన్నాడు.

చేపంటే నాకు కూరలో ముక్కే తెలుసు గానీ మొత్తం చేప ఎట్లా ఉంటుందో ఎప్పుడు పట్టించుకున్నాను? కిట్టులో పొట్ట పట్టుకుని నవ్వుతుంటే అద్దాలు పూర్తిగా మసకబారాయి. పక్క బెడ్డు చూసే నర్సు పరిగెత్తుకొచ్చి, సంగతి తెలుసుకుని, తన బూటు మీద పాంఫ్రెట్ గీసింది. చెయ్యి ఊగింది. డ్యూటీ డాక్టరమ్మ పీత గీసింది. ఆయన ఆరు వేళ్లు చూపించి, మిగతా కాళ్లు ఏవని చెయ్యి తిప్పి అడిగాడు. డాక్టరమ్మ బుద్ధిగా కూర్చుని ఇంకో నాలుగు కాళ్లు గీసి తెచ్చింది. ఒక్కదానికీ బొటనవేలు లేవలేదు. కానీ మానిటర్లో అంకె ఎనభై ఆరయింది, ఎనభై తొమ్మిదయింది, రెండింటికి తొంభై.

రెండింటికి నా డ్యూటీ మారుతుంది. వచ్చిన తమ్ముడికి, అంటే బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగిన మా మేల్ నర్సుకి, నాలుగో బెడ్డు గురించి ఒక్కటీ మరవకుండా అప్పజెప్పాను. ఏ మందు ఎప్పుడు, ఆక్సిజన్ ఎంత, మూత్రం ఎంత, బోర్లా ఎప్పటినుంచి. చేపల సంగతి చెప్పలేదు. అది నర్సింగు పని అని నాకే తోచలేదు. కిట్టు విప్పి, చేపతో సహా పసుపు చెత్త సంచిలో పడేసి, స్నానం చేసి, నర్సుల గదిలో పెరుగన్నం కలుపుకుంటున్నాను. ఫోను మోగింది.

“అక్కా, నాలుగో బెడ్డాయన వెల్లకిలా తిరిగేసినాడు. ఎవర్నీ ముట్టుకోనియ్యడంలా. ఎనభై ఒకటి. పెద్ద డాక్టరుగారు బయల్దేరినారు, ట్యూబ్ ట్రే తెరిచి పెట్టమన్నారు.”

“ఏమంటా ఉండాడు?”

“‘అన్నీ తెల్లకాళ్లే’ అంటా ఉండాడక్కా. ‘నేను పోయినట్టుండా’ అంటా ఉండాడు.”

కొత్త షిఫ్టు, కొత్త కిట్లు, తెల్లటి తొడుగులు. బోర్లా పడుకుని, కళ్లు తెరిచిన ఆ మనిషి చుట్టూ తెల్లగుడ్డలు నడుస్తున్నాయి. ఇది నా తప్పు, పూర్తిగా నాదే. మళ్లీ కిట్టు వేసుకుని లోపలికి పోవాలంటే పదిహేను నిమిషాలు, అంతసేపు ఆయన ఆగలేడు.

“బూటు మీద చేప గియ్యి,” అని అరిచాను.

“ఏందక్కా?”

“చేపరా. ఇప్పుడే. గీసి ఆయనకు చూపించు.”

“నాకు బొమ్మలు రావక్కా.”

“నీకొచ్చిందే గియ్యి. చేప అని చెప్పు.”

ఫోను ఎక్కడో పెట్టేశాడు. మిషన్లు కూస్తున్నాయి, ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఎంగిలి చేత్తో ఫోను పట్టుకుని నిలబడ్డాను. తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు ఒక వింత శబ్దం వినిపించింది, దగ్గు అనుకున్నాను. తమ్ముడు లైన్లోకి వచ్చాడు.

“తిరిగినాడక్కా. బోర్లా తిరిగినాడు. నవ్వతా ఉండాడు.”

“ఏం గీశావు?”

“ఒకటో క్లాసు నుంచి నాకొచ్చింది ఒక్కటేగా. ఇంజను గీసి తోక పెట్టినా. ‘చేపకి చక్రాలెందుకు’ అని అడగతా ఉండాడు.”

నేను గచ్చు మీద కూలబడి నవ్వాను, ఏడ్చాను. ఏది ముందో చెప్పలేను. నా షిఫ్టు కాకపోయినా కిట్టు వేసుకుని లోపలికి పోయాను, ఈసారి రెండు కాళ్లకూ చేపలతో. ఐదయ్యేసరికి అంకె తొంభై రెండు. పెద్ద డాక్టరుగారు మానిటర్ చూశారు, తెరిచి పెట్టిన ట్రే చూశారు, చివరికి మా అందరి కాళ్లూ చూశారు.

“ఆ ట్రే తీసేయండి,” అన్నారు. తర్వాత తన బూటు ముందుకు చాపి, “నాకెందుకు గీయలేదు?” అని అడిగారు.

నేను సెలైన్ స్టాండును కావలించుకున్నాను. బహుశా నేను తిట్టిన స్టాండే.

ఆ మర్నాటి నుంచి నాలుగో బెడ్డు కాగితంలో మందుల కింద ‘చేపలు’ అని ఒక గడి గీశాం, ప్రతి షిఫ్టూ టిక్కు పెట్టేది. ఆయన రోజుకు పన్నెండు గంటలు బోర్లా పడుకుని మా బూట్లను తనిఖీ చేశాడు. ఆక్సిజన్ మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాం. ఆయన చెయ్యి మాత్రం ఊగుతూనే ఉంది. బొటనవేలు ఒక్కరికీ దక్కలేదు.

డిశ్చార్జి రోజున నేను డ్యూటీలో లేను. అయినా పోయి గేటు దగ్గర నిలబడ్డాను, అమ్మ చేసిన బొబ్బట్లు పట్టుకుని. వీల్ చెయిర్లో తీసుకొచ్చారు. ఆయన నన్ను చూశాడు, సెక్యూరిటీ అతనికి పెట్టినట్టే నాకూ ఒక నమస్కారం పెట్టి ముందుకు పోబోయాడు. నా ముఖం ఎప్పుడు చూశాడు గనక. ఆ సంగతి తెలిసినా నాకు రోషం వచ్చింది. గబుక్కున కుర్చీ ముందు కాలు చాపాను. తెల్ల కాన్వాసు బూటు మీద పొద్దున్నే కూర్చుని గీసిన వంజరం.

ఆయన కిందికి చూశాడు. కుర్చీ పక్కనుంచి చెయ్యి వేలాడింది. అటూ ఇటూ ఊగింది.

“ఏందయ్యా ఆ చెయ్యి?” అంది ఆయన భార్య.

“ఈ బిడ్డేమే, వంకాయ గీసిన సిస్టరమ్మ,” అన్నాడు.

పద్దెనిమిది రోజులు ఆ మెట్ల మీద కూర్చున్న మనిషి ఆమె. వంగి, నా బూటు మీద చెయ్యి పెట్టింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

“తోక ఇట్టా ఉండదు తల్లీ,” అంది. చెయ్యి మాత్రం ఆ చేప మీదనుంచి తీయలేదు.