చిక్కం ఎవరు విప్పారు

సవారామ్ రైకా ఒంటెపోతు కాళియా ఎండాకాలంలో మేకపిల్లకన్నా సాధువు. ఆడ ఒంటెల మధ్యే తిరుగుతున్నా కన్నెత్తి చూసేది కాదు. తుమ్మ కొమ్మలు నములుకుంటూ తన లోకంలో తానుండేది. పుష్యమాసపు చలి ముదిరేసరికి అదే పోతు ఇంకో జంతువైపోయేది. మేత మానేసేది, పక్కటెముకలు తేలేవి. మెడ వెనక నల్లటి జిడ్డు కారేది. గొంతులోని ఎర్రటి తిత్తి ఉబ్బి నోటి పక్కన వేలాడుతుంటే బుడబుడమని నురగలు కక్కేది. ఆ మదం దిగేదాకా మూతికి చిక్కం తీయకూడదని ఒంటెలు పెంచే రైకా కులస్థులందరికీ తెలుసు. సవారామ్‌కీ తెలుసు.

ఆ ఏడు పక్క ఊరివాళ్ళు ఎదకొచ్చిన ఒంటెను తోలుకొస్తున్నారని కబురొచ్చింది. వాళ్ళు రాకముందే, పోతు దర్జాగా కనబడాలని, సవారామ్ చిక్కం విప్పేశాడు.

"వద్దు బావా, దాని కళ్ళు చూడు," అన్నాడు ఓటారామ్. సవారామ్ భార్య జమ్ణీకి తమ్ముడతను. ఊళ్ళోవాళ్ళ ఒంటెలు మేపి బతికేవాడు.

"భయమైతే పోయి మీ అక్క కొంగు పట్టుకుని కూర్చో!"

వచ్చినవాళ్ళ ఒంటెను కూర్చోబెట్టడానికి ఓటా వంగాడు. కాళియా మెడ విసిరి అతని కుడి మోచేతిని అందుకుంది. నలుగురు కర్రలతో బాదితేగాని వదల్లేదు.

"చిక్కం ఎవడు విప్పాడ్రా?" అని అరిచారు పెద్దలు.

"ఓటాయే. నీళ్ళు పెడదామనుకున్నాడు," అన్నాడు సవారామ్. మాట దానంతటదే వచ్చేసింది.

నేలమీద పడున్న ఓటా బావ వంక ఒకసారి చూశాడు. కళ్ళు మూసుకున్నాడు.

చెయ్యి అతుక్కుంది గాని మళ్ళీ చాచడానికి రాలేదు. అంత అజాగ్రత్త మనిషికి మందనెవరు అప్పగిస్తారని ఊరు ఒక్కొక్కటిగా తన ఒంటెలను వెనక్కి తీసుకుంది.

చైత్రానికి కాళియా మదం దిగింది. మేతకు పడింది. ఓ సాయంత్రం ఓటా వస్తే అతని భుజంమీద తల పెట్టింది.

"దీని తప్పేముంది బావా, అప్పటి కాలం అలాంటిది," అంటూ ఓటా ఎడమచేత్తో దాని మెడ గోకాడు. సవారామ్‌కు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. లోపలికెళ్తే జమ్ణీ రొట్టె పెడుతూ, తలెత్తకుండానే అంది: "మా వాడు అలాంటి పని చెయ్యడని నాకు ఆరోజే తెలుసు. నీ నోటితో నువ్వే చెప్తావేమోనని ఇన్నాళ్ళూ చూశాను."

సవారామ్ రొట్టె ముట్టకుండానే లేచాడు.

మర్నాడు పొద్దున్నే ఓటాను వెంటబెట్టుకుని పెద్దలు కూర్చున్నచోటికి వెళ్ళి సవారామ్ తన ఎర్ర తలపాగా తీసి ఓటా కాళ్ళ దగ్గర పెట్టాడు. "చిక్కం విప్పింది నేను. అబద్ధమాడింది నేను," అన్నాడు. ఎవరో థూ అని ఉమ్మేశారు. ఓటా మాత్రం వంగి, ఎడమచేత్తో తలపాగా తీసిచ్చాడు.

"కట్టుకో బావా. అక్క చూస్తే ఏడుస్తుంది."

సగం ఇళ్ళు ఓటాకు మళ్ళీ ఒంటెలనిచ్చాయి. ఇప్పుడు బావాబామ్మర్దులిద్దరూ కలిసే మందను మేపుతారు. కబుర్లు చెప్పుకుంటారు, నవ్వుకుంటారు కూడా. కానీ ఓటా తాడు ముడి వెయ్యడానికి ఓ కొసను పళ్ళతో పట్టుకున్నప్పుడల్లా సవారామ్ ఏదో పనున్నట్టు అటు తిరుగుతాడు.