బెజాబి చేసిన గాలి మోటారు

అడ్డిస్ అబాబాలో ఎంటోటో కొండ మొదట్లో నాది పంక్చర్ షాపు. పక్క రేకుల షెడ్డు బెజాబిది. కార్ల స్టార్టరు మోటార్లకు తీగ చుడుతూ ముప్పై ఏళ్లు గడిపాడు.

మా ఊరు ఎత్తులో ఉంది, గాలి పల్చన. కొండ ఎక్కేసరికి పాత ఇంజన్లకు ఊపిరాడదు. లకేవ్ నడిపే నీలి టాక్సీ సగం దారిలోనే మొరాయించేది. కొండ మీది మరియమ్మ చర్చికి పవిత్ర జలం కోసం వెళ్లే ముసలమ్మలు తిట్టుకుంటూ దిగి నడిచేవారు.

ఒకరోజు లకేవ్ ఓ ప్లాస్టిక్ పంకా పట్టుకొచ్చాడు. పెద్దవాడని బెజాబిని 'గాషే' అని పిలిచేవాడు.

"గాషే, ఇది ఎలక్ట్రిక్ సూపర్‌చార్జరంట, ఇంజన్లోకి గాలి ఎక్కువ తోస్తదంట. బిగిస్తే బండి ఎగిరిపోద్దని చెప్పాడు అమ్మినోడు."

బెజాబి దాన్ని బ్యాటరీకి తగిలించి మొహానికి ఎదురుగా పెట్టుకున్నాడు.

"కాఫీ చల్లార్చుకోడానికి బావుంది. ఇంజను పీల్చే గాలి ముందు ఇదెంత? పైగా గాలి దారికి అడ్డం."

"అయితే అంతా బూటకమేనా?"

"పంకా బూటకం. గాలి తోస్తే బండి లాగుతుందన్న సంగతి నిజమే."

ఆ మాట అన్నాక అతను స్థిమితంగా లేడు. ఏడాదిన్నర కూర్చుని, పాత లారీలో ఇంజనుకి గాలి తోసే టర్బో చక్రానికి తానే చుట్టిన మోటారు కలిపాడు. దాన్ని లకేవ్ టాక్సీకి బిగించి, డిక్కీలో నాలుగు బ్యాటరీలు పెట్టాడు. భార్య జెనెబెచ్ తెచ్చిన ఇంజెరా రొట్టె బల్ల మీదే ఎండిపోయేది.

ఒక శనివారం ఉదయం ముగ్గురం బయలుదేరాం. మొదటి మలుపులో బెజాబి మీట నొక్కాడు. మోటారు ఈల వేసింది. బండి నిజంగానే ముందుకు దూకింది.

"మరియమ్మ తల్లీ! పోతోంది గాషే, పోతోంది!" అని లకేవ్ అరిచాడు.

నలభై సెకన్లు. తర్వాత ఈల సన్నగిల్లింది. బ్యాటరీలు ఖాళీ. వాటి బరువుకు బండి రోజూ ఆగే చోటికి కూడా చేరలేదు. దిగి తోశాం.

"ఇంజనుతోనే బ్యాటరీలు నింపుకుంటే?" అన్నాను.

"నింపే బలం ఎక్కణ్ణించొస్తుంది? ఆ ఇంజనులోంచేగా. దాని రక్తం తీసి దానికే ఎక్కించినట్టు."

"పెద్ద కంపెనీలోళ్లు ఇలాంటి మోటార్లు పెడుతున్నారుగా?"

"ఇంజను పొగతో తిరిగే టర్బో అందుకునేదాకా కాసేపు తోయడానికి పెడతారు. వాళ్లకి పక్కన టర్బో ఉంది. మనకి కొండ ఉంది."

అయినా ఊరుకోలేదు. వారం తర్వాత చక్రం ఇంకా వేగంగా తిప్పాడు. గాలి పెరిగింది, దానికి తగ్గ పెట్రోలు అందలేదు. పిస్టన్ కరిగి చిల్లు పడింది.

"నా బండి చంపేశారు గాషే," అన్నాడు లకేవ్. గొంతు పెంచలేదు.

లకేవ్ ఇప్పుడు వేరొకరి కరెంటు కారు నడుపుతున్నాడు. నలుగురిని ఎక్కించుకుని చప్పుడు లేకుండా కొండెక్కేస్తాడు. ఊళ్లో అలాంటి కార్లే ఎక్కువయ్యాయి, వాటికి స్టార్టరు మోటార్లుండవు. బెజాబి షెడ్డుకు వచ్చేవాళ్లు వారానికి ఒకరు, తర్వాత ఆ ఒక్కరూ లేరు.

మొన్న లకేవ్ వచ్చాడు. "మా ఓనరు దగ్గర కాపలా పని ఉంది గాషే. రండి."

"బళ్లకి రిపేర్లేమైనా ఉంటాయా?"

"ఉండవు గాషే. గేటు తీసి వెయ్యడమే."

సోమవారం నుంచి బెజాబి ఆ కాపలా పనికి వెళ్తున్నాడు.