సుమ్మాదేవి స్టేషన్‌లో జపనీస్ పాఠాలు

ఆ ఆదివారం సాయంత్రం ఐదూ పదికి, సుమ్మాదేవి స్టేషన్ బెంచీ మీద కూర్చుని నా భార్య మొదటిసారి జపనీస్‌లో తన పేరు చెప్పింది. విశాఖపట్నం నుంచి ఫోన్లో పాఠం చెప్పే అమ్మాయి నవ్వి, మళ్లీ చెప్పమంది. మా ఇంట్లో సిగ్నల్ నిలవదు. అందుకని పాఠం రోజు స్టేషన్‌కి వచ్చేవాళ్లం.

నా భార్య పలాసలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగాలున్నాయనీ, భాష పరీక్ష పాసైతే తీసుకుంటారనీ విన్నది. కొన్నేళ్లు అక్కడ పనిచేసి రావాలని ఆమె కోరిక. ఇంట్లో మాట్లాడే తోడుంటే త్వరగా వస్తుందని టీచరు అంటే నేనూ మొదలుపెట్టాను. నేను టెక్కలిలో కాలేజీ పిల్లలకు తెలుగు చెబుతాను. అక్షరాలు నాకు త్వరగా వచ్చాయి, మాట ఆమెకు త్వరగా వచ్చింది.

“అచ్చరాలే వేరు బావా. మాటల వరస మనదే, సూడు,” అనేది.

ప్యాసింజరు కోసం వచ్చినవాళ్లు మా చుట్టూ మూగేవారు. ఎండుచేపల గంపతో వచ్చిన ఒకావిడ ఓసారి అడిగింది.

“ఏటి మాస్టారూ, జపాను బండి ఇక్కడ కూడా ఆగుతాదేటి?”

“ఆగుతాది పిన్నీ. టికెట్టు తీసుకున్నావా?” అంది నా భార్య.

“నా గంప ఎక్కనిత్తే తీసుకుంటాను. వాసనకి దింపీరు గదా?”

మిగతా రోజుల్లో మాకు మేమే చదువుకునేవాళ్లం. నేను ముసలి రోగిని, ఆమె నర్సు. ఎక్కడ నొప్పి అని జపనీస్‌లో అడిగేది. తల, మోకాలు, కడుపు అని నాకు వచ్చిన మాటలన్నీ చెప్పేవాణ్ని.

“ఇన్ని నొప్పులున్నోడు నాకొద్దు. ఇంకో ఆస్పత్రికి పో,” అనేది తెలుగులో.

ఆ చలికాలం ఆమె కాళ్లు వాచాయి. ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో పోయే మా వైపు ఊళ్లలో ఒక పద్ధతి ఉంది, దాన్ని ఎవరూ పద్ధతి అనరు. పెళ్లి కుదిరినా, ఇల్లు మొదలుపెట్టినా, దూర ప్రయాణం అనుకున్నా, ఆ పని అయ్యేదాకా కిడ్నీ పరీక్షకు రక్తం ఇవ్వరు. రక్తంలో క్రియాటినిన్ అంకె తెలిస్తే పని ఆగిపోతుంది. రోజంతా పరాయివాళ్ల చేతుల్లోంచి రక్తం తీసి ల్యాబుకు పంపే మనిషి, తనది ఇవ్వలేదు.

“పరీచ్చ అవనీ బావా. అప్పుడెలాగూ మెడికల్ అడుగుతారు.”

“నీ కాళ్లు సూసుకున్నావా?”

“నిలబడి పని సేసేదానికి కాళ్లు వాసవేటి? నువ్వు ముందు ఆ పాఠం సదువు.”

పరీక్ష రాసింది, పాసైంది. మెడికల్‌లో అంకె వచ్చింది. దాని అర్థమేమిటో మా ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

తర్వాత పలాసలోనే డయాలసిస్, రోజు విడిచి రోజు. సూదులున్న చెయ్యి కదపకూడదు. పుస్తకం పట్టుకోవడం కుదరదు కనుక, పక్కన స్టూలు మీద కూర్చుని నేను పాఠాలు పైకి చదివేవాణ్ని. వెళ్లేది లేదని ఇద్దరికీ తెలుసు. ఒకరోజు పుస్తకం మూసేశాను.

“ఒగ్గీకు బావా. సదువు.”

“ఎందుకే ఇంకా?”

“ఆ మిషను సప్పుడు ఇనలేను.”

టీచరుకు మేం సంగతి చెప్పలేదు. ఎలా ఉన్నారని ఆ అమ్మాయి అడిగితే, నా భార్య జపనీస్‌లో బాగున్నాననే చెప్పేది. మాకు నేర్పిన జవాబు అదొక్కటే.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం, పాఠం మధ్యలో ఆమె బీపీ పడిపోయింది. సిస్టరు నన్ను జరగమంది. నేను గోడ దగ్గర నిలబడ్డాను. ఆ పాఠం కూరగాయలు కొనడం గురించి. అది పూర్తి కాలేదు. మధ్యాహ్నానికి ఆమె లేదు.

ముందే రక్తం ఇచ్చి ఉంటే బతికేదా అని డాక్టరును అడిగాను. కొన్నాళ్లు ఎక్కువ ఉండేదేమో అన్నాడు. తెలిసి ఉంటే ఆమె పరీక్ష రాసేది కాదు. ఆ కొన్నాళ్లు ఆమె ఏం చేసేదో నాకు తెలియదు. ఏది మేలో తేల్చుకోలేకపోయాను. తేలినా చేయగలిగింది లేదు.

నేర్చుకున్న జపనీస్ ఇంకా మరచిపోలేదు. మాట్లాడటానికి మనిషి లేదు. కాలేజీలో పాఠం ఇప్పుడు పిల్లల చేతే చదివిస్తాను. నేను పైకి చదవడం లేదు.