వరదమ్మ, సుగుణాబాయి ఉత్తరాలు ఎందుకు ఆగిపోయాయి

1993 నవంబరు 18, గురువారం, పొద్దున ఐదుంపావు. బొగ్గుగనుల్లో మొదటి షిఫ్టుకు పోయేవాళ్ల మధ్య నిలబడి నేను, రెహానా గోదావరిఖనిలో స్టేషన్ బస్సు ఎక్కాం. రెహానా మా పక్క క్వార్టర్ పిల్ల. యాభై ఆరేళ్లకు నాకు అక్షరాలు నేర్పింది ఆమే. కాలేజీల్లో పాఠాలు చెప్పిన తొలితరం ఆడవాళ్ల గురించి పెద్ద చదువుకు రాస్తోంది. ఒంటరిగా పంపనని వాళ్లమ్మ అంటే, తోడు నేను పోతానన్నాను. పాత కాగితాలు దాచే చోటు చూడాలని నాకే ఆత్రం.

రెహానాకు ఒక చిక్కుంది. హైదరాబాదులో రెండు కాలేజీల్లో పనిచేసిన వరదమ్మ, సుగుణాబాయి నాలుగేళ్లు వారం వారం ఉత్తరాలు రాసుకున్నారు. తర్వాత ఒక్కటీ దొరకలేదు. కొట్లాడుకుని విడిపోయారని రాసెయ్యమన్నాడు రెహానా చదువు చూసే సారు. రాసింది సోమవారం ఆయనకు ఇచ్చెయ్యాలి.

"తెలవకుంట ఎట్ల రాయాలె అవ్వా? సచ్చిపోయినోళ్లు వచ్చి కాదని చెప్తరా?" అంది.

ఆరు గంటల రైలు దొరికింది. పెద్దపల్లిలో ఎక్కిన ఒక రైతు నన్ను చూసి, "దవాఖానకా అవ్వా?" అన్నాడు.

"కాదు, పాత కాగితాలు సూడవోతున్న."

"ఎవల భూమి?"

"భూమి కాదు. ఇద్దరు పంతులమ్మల దోస్తీ."

"దోస్తీకి సుత కాగితాలుంటయా?" అని కాజీపేట దాకా నవ్వుతూనే ఉన్నాడు. జొన్నరొట్టె, తొక్కు పెడితే తిన్నాడు.

పదకొండున్నరకు హైదరాబాదులో రికార్డు గది చేరాం. మీరూ పోతే కాలేజీ ఉత్తరం, పెన్సిలు తీసుకుపొండి. పెన్ను లోపలికి రానివ్వరు. అక్కడి గుమాస్తా యూసుఫ్ సాబ్ పుస్తకం నా ముందుకు జరిపి, "వేలిముద్రా, అమ్మా?" అన్నాడు.

"నీ చేతిరాత కన్న మంచిగనే ఉంటది," అని కొమురమ్మ అని రాశాను.

రెండు కాలేజీల సర్వీసు పుస్తకాలు వచ్చాయి. అంతా ఇంగ్లీషు. నాకు వచ్చినవి అంకెలే. రెహానా గబగబా పేజీలు తిప్పుతోంది. నేను వేలు పెట్టి ఒక్కో అంకె చూస్తున్నాను. మా దగ్గర మనిషిని క్వార్టర్ నంబరుతోనే గుర్తుపడతాం. వరదమ్మ పేజీలో 317. సుగుణాబాయి పేజీలోనూ 317.

"గీ ఇద్దరిది ఒక్కటే క్వార్టర్ బిడ్డా."

రెహానా చదివింది. వీధి కూడా ఒకటే. ఆ చిరునామా రాసిన నెల, ఉత్తరాలు ఆగిన నెల కూడా ఒకటే.

"ఒక్క ఇంట్ల ఉండి ఉత్తరాలు రాసుకుంటరా?" అన్నాను.

ఆమె ముఖం వెలిగి, మళ్లీ వాడింది. "ఊరికె కిరాయికున్నరంటడు మా సారు."

అప్పుడు నాకు తట్టింది. నా పెనిమిటి బొగ్గుబాయిలో పోయినప్పుడు ఆఫీసోళ్లు మొదట చూసింది నామినీ పేరు. గని మనిషి ఎవరి మనిషో ఆ గడిలో ఉంటుంది.

"నామినీ గడి సూడు."

"ఆ కాగితం వెనక అట్టలో ఉంటది," అంటూ యూసుఫ్ సాబ్ లేచొచ్చి తనే విప్పాడు. సుగుణాబాయి కాగితంలో నామినీ: వరదమ్మ. సంబంధం: స్నేహితురాలు. వరదమ్మ కాగితంలో సుగుణాబాయి. తర్వాత యూసుఫ్ సాబ్ అందరికీ చాయ్ తెప్పించి, బయట వరండాలో తాగమన్నాడు.

సాయంత్రం ఐదింటి రైలు భువనగిరి దాటేసరికి రెహానా పెన్సిలుతో రాసింది నాకు వినిపించింది: "ఉత్తరాల అవసరం తీరిపోయింది." సారు ఒప్పుకోకపోతే నన్ను పిలవమన్నాను. ఇంత దూరం పోయినందుకు నాకు అర్థమైంది ఇంతే: కాగితం అబద్ధమాడదు గాని, అడిగేవాళ్లు సరిగ్గా అడగాలి.

ఆ రోజు అక్కడున్నవాళ్లం: రెహానా, యూసుఫ్ సాబ్, కొమురమ్మ అనే నేను. వరదమ్మ, సుగుణాబాయిల పేర్లూ రాస్తున్నాను, ఎవరేమనుకున్నా సరే.