నాచారం నుంచి తెచ్చుకున్న ఆదేశిక సూత్రాలు

ఆ రోజుల్లో నా కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. ఉప్పల్‌కు మెట్రో కొత్తగా వచ్చింది, కాకినాడ వైపు నుంచి నేనూ కొత్తగా వచ్చాను. తేడా ఏమిటంటే, ఎక్కడికి వెళ్లాలో దానికి తెలుసు. రింగ్‌రోడ్డు దగ్గర ఒక మెస్ పైఅంతస్తులో పోటీ పరీక్షల కోచింగ్ సెంటరు ఉండేది. అందులో రాజ్యాంగం చెప్పడానికి నన్ను పదిహేను రోజులు చూస్తామన్నారు. నచ్చితే ఉంచుతారు, లేకపోతే ఊరి బస్సు. (అవే పరీక్షలు నేను రెండుసార్లు తప్పిన సంగతి వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు.)

మన రాజ్యాంగంలో ఏది ఏ దేశం నుంచి వచ్చిందనే పాఠం నా వంతుకొచ్చింది. పార్లమెంటరీ పద్ధతి బ్రిటన్‌ది, ప్రాథమిక హక్కులు అమెరికావి, ఆదేశిక సూత్రాలు ఐర్లాండువి. పట్టిక నోటికి వచ్చు. ఎందుకు తెచ్చుకున్నారో మాత్రం తెలియదు, ఎవరూ అడగరులే అనుకున్నాను. అందరికీ గుర్తుండాలని ఒక చిట్కా కనిపెట్టాను. ఉప్పల్‌లో బస్సెక్కితే బ్రిటన్, తర్వాతి స్టాపు హబ్సిగూడ అమెరికా, నాచారం ఐర్లాండ్, మల్లాపూర్ కెనడా, మౌలాలి జర్మనీ. క్లాసంతా హుషారుగా వల్లించింది. నా తెలివికి నేనే మురిసిపోయి, బల్లల మధ్య అటూ ఇటూ తిరుగుతూ రోజుకో పది సుద్దముక్కలు పొడి చేశాను.

పన్నెండో రోజు డైరెక్టరు గారు వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు. జేబులో చెయ్యి పెట్టి సుద్దముక్క నలుపుతూ నిలబడ్డాను. ఆయన నన్ను వదిలేసి క్లాసునే అడిగారు. "ఆదేశిక సూత్రాలు ఏడికెళ్లి తెచ్చుకున్నం?"

"నాచారం" అన్నారు నలభై మంది ఒక్క గొంతుతో.

ఆయన నెమ్మదిగా నా వైపు తిరిగారు. "సార్, గిది మీరు చెప్పిన్రా, వాళ్లే అనుకున్నరా?"

నేను గబుక్కున బోర్డు వైపు తిరిగి తుడవడం మొదలుపెట్టాను. అప్పుడు మూడో బల్ల నుంచి షిఫ్టు అక్క లేచింది. నాచారంలో ఒక బిస్కెట్ల కంపెనీలో పనిచేస్తూ, షిఫ్టు దిగి నేరుగా క్లాసుకొచ్చే ఆమెకు మేం పెట్టుకున్న పేరది.

"సార్‌ను ఏమనకున్రి. ఐర్లాండ్ అని మాకు ఎరికే. కని నాచారం అంటెనే నాకు సమజైంది. మా కంపెనీ గోడ మీద మంచి జీతం, ఆడోళ్లకు సెలవులు అని మస్తు రాసి పెట్టిన్రు. అడగవోతే, అది ఉత్త బోర్డే అంటరు. కోర్టుకు పోరాని సూత్రాలని సార్ జెప్పిన్రు గదా, గిట్లనే ఉంటయేమో అనుకున్న." నా వైపు తిరిగింది. "కోర్టుల నడవనివి మరెందుకు దెచ్చిన్రు సార్, గంత దూరం కెళ్లి?"

డైరెక్టరు గారు లేచారు. "మంచిగడిగింది. రేపు చెప్పున్రి. నేను గూడ ఇంటా."

ఆ సాయంత్రం పుస్తకం పట్టుకుని ఉప్పల్ నుంచి నాచారం దాకా నడిచాను. కూర్చుంటే అక్షరాలు కదిలిపోతున్నాయి, నడిస్తే నిలిచాయి. ఐర్లాండు కూడా మనలాగే బ్రిటిష్ పాలన చూసిన దేశం. స్వాతంత్య్రం వస్తే సరిపోదు, కడుపులు నిండాలి అని వాళ్లు రాసుకున్నారు. మనవాళ్లకది మనసుకు తగిలింది. కోర్టు బలవంతపెట్టలేకపోయినా, ఏ ప్రభుత్వమూ మాకు తెలియదని తప్పించుకోకుండా రాసి పెట్టారు.

మర్నాడు బస్సుల్లేకుండా ఇదంతా చెప్పాను. ఒకచోట నిలబడే చెప్పాను. డైరెక్టరు గారు తలూపి వెళ్లిపోయారు, ఉద్యోగం నిలిచింది. గుండెల మీద బరువు దిగిందనుకునేలోగా షిఫ్టు అక్క మళ్లీ లేచింది.

"మరి ఐర్లాండోళ్లు ఎవరి తాన దెచ్చుకున్నరు సార్?"

"రేపు చెబుతానమ్మా" అన్నాను. ఆ రేపు రాకుండా వారం రోజులు క్లాసును ఆర్టికల్స్ మీదికి దూకించాను. ఆమె ఆ ఏడే ఉద్యోగం కొట్టి వెళ్లిపోయింది. (నేను మూడోసారి కూడా తప్పాను.)

ఇప్పుడెవరైనా అడిగితే తడుముకోకుండా స్పెయిన్ అంటాను. అని, ఇన్నేళ్లు పాఠం చెప్పాక కూడా, గబుక్కున బోర్డు వైపు తిరుగుతాను. స్పెయిన్ వాళ్లకు ఎక్కడిదని అడుగుతారేమోనని.