బావమరిది తల మీదుగా

సోలమన్ దీవుల వాళ్ళ చేతిలో ఓడి మా ఫుట్‌బాల్ జట్టు టోర్నమెంటు నుంచి ఇంటిదారి పట్టిన వారంలో, పోర్ట్ విలాలో బస్సెక్కిన ప్రతి మనిషీ కోచే అయ్యాడు. సాయంత్రాలు కావా అనే మత్తు వేరు రసం తాగే పాక ముందు కోడిరెక్కలూ అరటికాయలూ వేయించి అమ్ముకునేదాన్ని నేను. పొద్దున్నే మార్కెట్‌కి వెళ్ళాలంటే నాకు మా మేనల్లుడి బస్సే గతి. ఆ మేనల్లుడే సైలస్, మా దేశపు జట్టులో గోల్ కాసే గోలీ. మా దగ్గర గోలీ అయినా సరే బస్సు తోలుకుంటేనే పొయ్యి వెలుగుతుంది. అందుకని, వెనక కూర్చున్నవాళ్ళు ఎంతసేపు తిడితే అంతసేపూ స్టీరింగ్ పట్టుకుని వినడం తప్ప వాడికి వేరే దారి లేదు.

"ఇంకేం జట్టు? వరల్డ్ కప్ క్వాలిఫయింగ్‌కి కూడా ఈ గోలీనే దింపితే ఫిజీ వాళ్ళు గోల్స్ బుట్టలకెత్తుకుపోతారు" అన్నాడు ఒక లావుపాటాయన, కందమూట ఒళ్ళో పెట్టుకుని.

"బంతి నెత్తిమీదకొస్తుంటే చేతులు దించేశాడయ్యా! నిద్దరపోయాడా ఏం?" అంది పక్కనున్నామె.

"రాత్రి తాగిన కావా దిగలేదేమో!"

ముందు సీట్లో ఉన్నావిడ వెనక్కి తిరిగి, "మెల్లగా! బస్సు తోలేది వాడే" అంది.

"అయితే మరీ మంచిది. ఒరే అబ్బాయీ, నన్ను ఆస్పత్రి దగ్గర దింపు. దారిలో చేతులు మాత్రం దించెయ్యకు" అన్నాడాయన.

బస్సంతా నవ్వింది. సైలస్ కూడా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒళ్ళోని బుట్ట తీసుకుని ఆ లావుపాటాయన నెత్తిన బోర్లించాలనిపించింది. కానీ నిజం చెప్పే హక్కు నాకూ లేదు.

జరిగింది ఊరంతా చూసిందే. ఆట ముగిసే వేళకు బంతి ఎత్తుగా మా గోల్ ముందుకు వచ్చింది. సైలస్ పరుగెత్తాడు, చేతులు లేపాడు, లేపినవాడు చటుక్కున దించేసుకున్నాడు. బంతి ముందున్న మా కెప్టెన్ హోసియా తలకు తగిలి మా గోల్‌లోకే పోయింది. ఊరు చూడనిది ఒకటుంది. హోసియా సైలస్ భార్య రోసెలిన్‌కి అన్న. ఆ బంతి అందుకోవాలంటే సైలస్ చేతులు అతని తల మీదుగా పోవాలి.

బావా బావమరదులు ఒకరినొకరు ఆటపట్టించుకునే చోట్లు కూడా లోకంలో ఉన్నాయట. మా అంబ్రిమ్ దీవిలో మా వాళ్ళకు అది కుదరదు. భార్య అన్న పేరు నోట పలకకూడదు. అతని ఎదుట గొంతు పెంచకూడదు. అతని తల మీదుగా చెయ్యి చాచడమంటే అందరి ముందూ చెంప మీద కొట్టినదానికంటే ఎక్కువ. దీవి వదిలి విలాకి వచ్చి బ్లాక్‌శాండ్స్‌లో రేకుల ఇళ్ళు వేసుకున్నా ఈ మర్యాద మాత్రం వెంట తెచ్చుకున్నాం.

అసలు బాధేమిటంటే ఆ ఇద్దరూ చిన్నప్పటి నుంచీ ఒక కంచంలో తిన్నవాళ్ళు. మా పెరట్లో పచ్చి పంపరపనస కాయని బంతి చేసుకుని తన్నేవాళ్ళు. "హోసియా! హోసియా!" అని సైలస్ అరిచే అరుపులకి నా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. తర్వాత వాడు హోసియా చెల్లెలి మీదే మనసు పడ్డాడు. పెళ్ళినాడు చాపలూ పందులూ ఇచ్చి పిల్లని తెచ్చుకున్నాం. ఆ రోజుతో స్నేహితుడి పేరు వాడి నోట్లోంచి పోయింది. ఎదురుపడితే తల వంచి పక్కకి తప్పుకోవడమే. హోసియా గ్రౌండ్‌లో ఒక అంచున ఆడినన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు. ఈ టోర్నమెంటులో మధ్యలో ఆడేవాడి కాలు విరిగితే, కోచ్ హోసియాని తెచ్చి సరిగ్గా గోల్ ముందు నిలబెట్టాడు.

"ఆ న్యూజిలాండ్ కోచ్‌కి చెప్పరాదట్రా?" అన్నాను ఆ రోజు బస్సు ఖాళీ అయ్యాక.

"ఏమని చెప్పను అత్తా? రోసెలిన్ వాళ్ళన్న తల అడ్డొచ్చింది, అందుకే ఓడామనా? ఓటమి తీసుకెళ్ళి ఆయన నెత్తిన పెట్టినట్టవదూ?"

"పోనీ గోల్ వదిలెయ్."

వాడు స్టీరింగ్ మీది దుమ్ము తుడిచాడు. "అదొక్కటే అత్తా నాకొచ్చింది" అన్నాడు.

ఈసారి ముందుకొచ్చి బంతి పట్టకపోతే జట్టులో చోటు లేదని కోచ్ తేల్చేశాడు. ఇద్దరం మా వాడ పెద్ద మెలెయున్ దగ్గరికి వెళ్ళాం. ఆయన కావా ఉన్న కొబ్బరిచిప్ప దించి, ఉమ్మేసి, అంతా విన్నాడు.

"తప్పు జరిగితే పందీ చాపా ఇచ్చి కడుక్కోవచ్చు. ముందే పంది కట్టేసి ఉంచి తప్పు చేస్తానంటే అది తప్పు కాదురా, పొగరు" అన్నాడు.

"మరి వాడేం చెయ్యాలి?" అన్నాను.

"బంతి ఎత్తుగా రాకుండా చూసుకోమను."

పెద్దాయన కాబట్టి ఊరుకున్నాను. లేకపోతే ఆ చిప్పెడూ ఆయన మొహానే పోసేదాన్ని.

కొత్త జట్టును ఎంచుకునే ఆట శనివారం పెట్టారు. బంతి ఎత్తుగానే వచ్చింది. సైలస్ కళ్ళు మూసుకున్నాడని నేను ఒట్టేసి చెబుతాను. గెంతి, హోసియా తల మీదుగా రెండు చేతులూ చాచి, బంతిని గుండెకు హత్తుకుని కిందపడ్డాడు. కోచ్ చప్పట్లు కొట్టాడు. గ్రౌండంతా ఈలలు. అంబ్రిమ్ వాళ్ళం కూర్చున్న మూల మాత్రం ఒక్కరూ కిక్కురుమనలేదు. హోసియా తన తల ఒకసారి తడుముకున్నాడు. ఆట ముగిసేదాకా ఆడి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే రోసెలిన్ బట్టలు మూట కట్టుకుంది.

"వెళ్ళాలని లేదు అత్తా. కానీ మా అన్న తలకి విలువ లేని ఇంట్లో నేను వంట చేసుకుంటూ కూర్చుంటే రేపు నన్నేమంటారు?" అని ఏడుస్తూనే గడప దాటింది.

మర్నాడు మేం పందిని, ఎర్రచాపల్ని తీసుకెళ్ళి హోసియా వాకిట్లో పెట్టాం. సైలస్ నేల చూస్తూ నిలబడ్డాడు. హోసియా చాప అంచు ముట్టుకుని, తీసుకున్నానన్నట్టు తల ఊపాడు. రోసెలిన్ మాతో తిరిగి వచ్చేసింది. తర్వాత హోసియా కోచ్ దగ్గరికి వెళ్ళి, మోకాలు నొప్పి, ఇక ఆడలేనన్నాడు. కందమూటలు భుజానేసుకుని గుట్ట ఎక్కే మనిషికి మోకాలు నొప్పా! తను ముందు నిలబడితే సైలస్‌కి మళ్ళీ ఆ తప్పు తప్పదని, తనే తప్పుకున్నాడు. దానికి సైలస్ కృతజ్ఞత చెప్పడానికి కూడా లేదు.

"గోలీ దారిలో పడ్డాడు, కెప్టెన్ పోయాడు. ఇక మన జట్టుకు ముందు దారేముంది?" అంది రేడియో. బస్సులో అందరూ నిజమే నిజమే అన్నారు.

ఫిజీతో ఆట విలాలోనే జరిగింది. నేను గ్రౌండ్ అంచున కోడిరెక్కల గంప పెట్టుకున్నాను. హోసియా వచ్చి గంప పక్కనే నిలబడ్డాడు. ఆట చివరిదాకా గోల్ పడలేదు. అప్పుడొచ్చింది మళ్ళీ ఎత్తు బంతి. హోసియా చోట్లో ఆడుతున్న కొత్తవాడు ఎండ కళ్ళల్లో పడి తడబడ్డాడు. సైలస్ ముందుకు పరుగెత్తుతూ గొంతు చించుకుని అరిచాడు.

"హోసియా! వదిలెయ్!"

కొత్తవాడు ఎవర్ని పిలుస్తున్నాడా అని వెనక్కి తిరిగాడు. ఇద్దరూ ఢీకొన్నారు. బంతి ఫిజీ వాడి కాళ్ళ దగ్గర పడింది, గోల్ అయిపోయింది.

"వీడికి మతి పోయింది! లేనివాణ్ణి పిలుస్తాడేంటి?" అన్నారు మా వెనక. సైలస్ లేవలేదు. గ్లవ్స్‌తో నోరు మూసుకుని నేల మీదే కూర్చున్నాడు. నేను హోసియా మొహం చూడడానికి భయపడ్డాను. మళ్ళీ పంది, మళ్ళీ చాపలు, మళ్ళీ రోసెలిన్ మూట నా కళ్ళ ముందు తిరిగాయి.

చీకటి పడే వేళకు హోసియా కావా పాక దగ్గరికి వచ్చాడు. పాకకి అవతలి చివర సైలస్ తల వంచుకుని ఉన్నాడు. హోసియా నా బల్ల ముందు ఆగాడు.

"పెద్దమ్మా, నాకేం వినపడలేదని వాడికి చెప్పు."

"గ్రౌండంతా విందిరా."

"నాకు వినపడలేదు" అన్నాడు. కోడిరెక్క తీసుకుని తినలేదు, చేత్తో పట్టుకుని తిప్పుతూ నిలబడ్డాడు. ఆ మనిషి కళ్ళు నిండి ఉన్నాయి. "ఎన్నేళ్ళయింది పెద్దమ్మా వాడట్లా పిలిచి! మళ్ళీ పిలిచినా నాకు వినపడదని చెప్పు."

వెళ్ళి చెప్పాను. సైలస్ విన్నాడు. పాక అవతలికి ఒక్కసారైనా చూడలేదు. చిప్ప కడిగి బోర్లించాడు.

"మంచివాడు అత్తా ఆయన. మళ్ళీ పిలవనని చెప్పు" అన్నాడు.